సత్యవతి మళ్ళీ పుట్టనంది

బతికున్న మనిషి పేరు పక్కన "మరణం: 2014" అని రాసి ఉంటే ఏ టీచరైనా ఎర్ర సిరాతో కొట్టేస్తుంది. నేనూ కొట్టేశాను. పక్కన "తప్పు" అని రాసి, కోపం చాలక దాని కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ సత్యవతి దగ్గర నేను ముందు రోజు సాయంత్రమే పీతలు కొన్నాను మరి. ఒక చిన్న పీత కొసరు వెయ్యమంటే, "మీరు పరీక్షల్లో కొసరు మార్కులు వేస్తారేంటండీ?" అని బస్టాండు మొత్తం వినేలా అడిగి నా నోరు మూయించింది. అలాంటి మనిషి నోరు పదేళ్ళ కిందటే మూతపడిందంటే ఎలా నమ్ముతాను?

నా పేరు ఇందిర. మాది గుడివాడ. నాగాయలంక దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ఏడు తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు నేనే ఇచ్చాను. పని కోసం మీ ఇంట్లోంచి ఊరు దాటి వెళ్ళినవాళ్ళెవరు, ఎక్కడికి వెళ్ళారు, అక్కడ ఏం పని చేశారు, ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకు రండి అన్నాను. ఇంట్లోవాళ్ళని అని రెండుసార్లు నొక్కి చెప్పాను. నలభై ఒక్క మందిలో ముప్పై మంది ఫోన్‌ని అడిగి రాసుకొచ్చారు. బందరు రేవు నుంచి రంగూన్ ఓడలెక్కిన కూలీల గురించి ఒకే పేరా, ఒకే ఓడ బొమ్మ, చార్టు తర్వాత చార్టు. ఆ ఓడను చూసీ చూసీ నాకే వాంతొచ్చేలా ఉంది.

ప్రియాంక చార్టు మాత్రం చేత్తో రాసింది. ఆ పిల్ల క్లాసులో మూడో బెంచీ. అడిగితే తప్ప మాట్లాడదు. "మా మేనత్త సత్యవతి. కువైట్‌లో ఇళ్ళల్లో పని. 2010లో వెళ్ళారు. మరణం 2014." అంతే రాసింది. కింద పాస్‌పోర్టు సైజు ఫోటో అతికించింది. కుంకుమ మరక ఫోటో నుదుటి మీద ఇంకా ఉంది.

"ఇదేంటే? నిన్ననే కదా ఆవిడ దగ్గర పీతలు కొన్నాను" అన్నాను.

ప్రియాంక లేచి నిలబడింది. "తప్పు కాదండీ టీచర్ గారూ. ఆవిడకి మా ఇంట్లో ఏటా తద్దినం పెడతామండి."

నవ్వుతారేమోనని క్లాసు వైపు చూశాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ గదిలో ఈ సంగతి తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

సాయంత్రం బస్టాండుకు వెళ్ళాను. సత్యవతి రోజూ కూర్చునే చోటే, మందుల షాపు మెట్ల పక్కన, అల్యూమినియం బేసిన్ ముందు పెట్టుకుని ఉంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, ఎండకు కమిలి ఉంటుంది. ఎడమ ముంజేతి మీద వెడల్పాటి కాలిన మచ్చ. బేరమాడేవాళ్ళతో నవ్వుతూనే మాట్లాడుతుంది, ధర మాత్రం దిగదు.

"మీకు తద్దినం పెడుతున్నారట" అన్నాను. ఇంకెలా అడగాలో తెలియలేదు.

"అవునండీ, కార్తీకమాసంలో. నేనొచ్చిన ఏడు వెళ్ళి తిన్నాను కూడా" అంది, పండుగప్ప పొలుసు గీకుతూ. "అరుగు మీద ఆకేసుకు కూర్చున్నాను. నాకే కదా పెడుతున్నారు, నేను తింటే తప్పేంటని. మా వదిన గారెలు వడ్డిస్తూ రెండు కింద పడేసింది. గారెలు బాగా చేస్తుందండీ, పాపం."

ఆమె కథ నేను ఆ మెట్ల మీద కూర్చునే విన్నాను. మధ్యలో కొనేవాళ్ళు వస్తే ఆపేది, వాళ్ళు వెళ్ళాక మొదలెట్టేది.

ఆమె పుట్టింది ఏటి ఒడ్డున ఉన్న పల్లెలో. అందరివీ చేపల వేట ఇళ్ళే. పెళ్ళయిన ఆరేళ్ళకు మొగుడు కామెర్లతో పోతే అన్న నాంచారయ్య ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. ఒక తుఫానుకు అన్న పడవ ముక్కలైంది. అప్పుడు పక్క ఊరి ఆడవాళ్ళు ఇద్దరు కువైట్ వెళ్తుంటే తనూ బయల్దేరింది. ఇంటిపని వీసాను అక్కడ ఖద్దామా అంటారు. నాంచారయ్య వద్దని ఏడ్చాడు. "నన్నెవరూ పంపలేదండి. నేనే వెళ్ళాను. ఇది మాత్రం సరిగ్గా రాయమనండి మా పిల్లని" అంది.

మొదటి ఇల్లు నాలుగు అంతస్తులు. ఏడుగురు మనుషులు, పనికి ఆమె ఒక్కతే. మూడేళ్ళు చేసింది. పంపిన డబ్బుతో అన్న కొత్త పడవా, ఇంజనూ కొనుక్కున్నాడు. ఒకరోజు ఇంటావిడ కాలే అట్లకాడ ఆమె చేతికి ఆనించింది. మర్నాడు చెత్త పారేయడానికి బయటికి వెళ్ళి సత్యవతి తిరిగి లోపలికి రాలేదు. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత పనికి కుదిరిన రెండో ఇంట్లో మనుషులు మంచివాళ్ళే. కానీ కాగితాలు లేని మనిషిని గుమ్మం దాటనివ్వలేదు. ఆమెకు తెలిసిన ఒకే ఒక నంబరు అన్నది. ఆ ఫోను అప్పటికే ఏటిలో పడిపోయింది, అన్న కొత్త నంబరు తీసుకున్నాడు. ఆమె మాత్రం పాత నంబరుకే చేస్తూ ఉండేది.

ఇక్కడేమో కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకావిడ, సత్యవతి ఉండే వీధిలో ఒక ఇల్లు తగలబడి తెలుగు పనిమనిషి పోయిందని చెప్పింది. వీసా ఇప్పించిన ఏజెంటు కనపడకుండా పోయాడు. నాంచారయ్య ఏడాది ఎదురు చూశాడు. తర్వాత దర్భలతో బొమ్మ కట్టి, ఏటి ఒడ్డున దహనం చేసి, చెల్లెలికి కర్మలన్నీ చేశాడు.

2018లో కువైట్ ప్రభుత్వం కాగితాలు లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చని క్షమాభిక్ష ప్రకటిస్తే సత్యవతి పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ తీసుకుని వచ్చింది. బస్సు దిగి, పల్లెకు నడిచి వెళ్ళింది. ఆమెను చూసి వదిన కేక వేసి లోపలికి పరిగెత్తింది. నాంచారయ్య మాత్రం పరిగెత్తుకొచ్చి పట్టుకుని ఏడ్చాడు. అది ఒక్క గంట. ఆ తర్వాత పెద్దలు వచ్చారు.

కర్మ చేసిన మనిషి నడిచి ఇంట్లోకి రాకూడదన్నారు. రావాలంటే మళ్ళీ పుట్టాలి. తల మీదుగా నీళ్ళు పోసి, నాలుకకు తేనె రాసి, ఉయ్యాల తాడు పట్టించి, చెవిలో కొత్త పేరు చెప్పాలి. పాత పేరు పిండంతో పోయింది, ఇక ఎవరూ పలకకూడదు. పేరు కూడా వాళ్ళే ఎంచారు, మంగమ్మ అని. అరగంట పని. అందరికీ తేలికైన దారి.

"మంచి పేరేనండి. మా అమ్మమ్మ పేరు" అంది సత్యవతి. "కానీ ఆ మంగమ్మ కువైట్‌లో ఒక్క గిన్నె కూడా తోమలేదే! నాలుగంతస్తుల మెట్లు కడిగిందెవరు? ఈ చెయ్యి ఎవరిది? మంగమ్మ ఇవాళే పుట్టింది, సత్యవతి అగ్గిలో పోయింది అంటే, మధ్యలో ఎనిమిదేళ్ళ చాకిరీ ఎవరు చేసినట్టండీ? నేను చావలేదు. చావనిదాన్ని మళ్ళీ పుట్టను అన్నాను. కువైట్ నుంచి తెచ్చిన సంచీతోనే వెనక్కి వచ్చి ఇక్కడ గది అద్దెకు తీసుకున్నాను."

ఆరేళ్ళుగా అంతే. అన్నాచెల్లెళ్ళ మధ్య మూడు కిలోమీటర్లు. ఆయన ఏటా తద్దినం పెడుతున్నాడు, ఈమె చేపలు అమ్ముతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ప్రియాంకను పిలిచి, "మీ అత్త బతికుందా లేదా, కళ్ళతో చూసిందే రాయి" అన్నాను. పద్నాలుగేళ్ళ పిల్లను తండ్రి మీదికి ఉసిగొల్పుతున్నానని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మూడో రోజు నాంచారయ్య స్కూలుకు వచ్చాడు. మొరటు మనిషిని ఊహించుకుని నేను మాటలన్నీ నూరి పెట్టుకున్నాను. ఆయనేమో చెప్పులు బయటే విడిచి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, తువ్వాలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆవిడ సంగతి రాయించకండి టీచర్ గారూ. లేకపోతే మా పిల్ల ముందు రాసినట్టే ఉండనివ్వండి."

"బతికున్న మనిషిని చచ్చిందని రాస్తే నేను మార్కులెలా వెయ్యనండీ?"

"నేను సరదాకి చేశానా అండీ? అగ్గిలో పోయిందన్నారు. ఎడారిలో దాహానికి తిరుగుతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. అందుకు చేశాను. పెదకర్మ నాడు పిండం పెడితే కాకి ముట్టలేదు. ఏం కోరిక మిగిలిపోయిందో చెప్పమ్మా చెల్లీ అని ఎండలో నిలబడి బతిమాలాను. ఇంజను ఎప్పటికీ అమ్మనని మాటిచ్చాను. అప్పటికీ ముట్టలేదు."

"బతికున్న మనిషి పిండం కాకి ఎందుకు ముడుతుందండీ? దానికున్న తెలివి మీ పెద్దలకి లేకపోయింది" అన్నాను.

ఆయన ముఖం చూశాక ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. "ఆ అరగంట కూర్చుంటే నెత్తిన పెట్టుకు చూసుకుంటానండీ" అని గొణిగి వెళ్ళిపోయాడు. వచ్చినప్పటి నుంచీ ఆవిడ అన్నాడు, చెల్లి అన్నాడు, పేరు మాత్రం ఒక్కసారి ఎత్తలేదు.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి మెల్లిగా చెప్పారు. "బందరులో ప్రదర్శనకి రంగూన్ చార్టు ఒకటి పంపుదాం మేడమ్. గౌరవంగా ఉంటుంది." రంగూన్‌లో మనవాళ్ళు బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు, రేవులో వీపులు విరగ్గొట్టుకున్నారు. అదీ చాకిరే. వందేళ్ళు గడిచి, మాట్లాడేవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి అది గౌరవం. ఇది మందుల షాపు మెట్ల పక్కన కూర్చుని మాట్లాడుతోంది కాబట్టి పరువు తక్కువ. ఈ మాటలు నేను ఆయనతో అనేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, మీ ఇష్టం. గొడవైతే మీదే బాధ్యత" అన్నారు. బాధ్యత నాదేనన్నాను.

ప్రియాంక ఏం చేస్తోందో పది రోజుల దాకా నాకు తెలియలేదు. స్కూలు విడిచాక బస్టాండులో అత్త పక్కన నోట్సు పట్టుకుని కూర్చుంటోందని వేరే పిల్లలు చెప్పారు. తర్వాత ఒకరోజు నా దగ్గరకొచ్చి పాత సంవత్సరాల పంచాంగాలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. ఎందుకన్నాను.

"రెండు గడులు గీశానండి" అంది. "ఒక గడిలో అత్త అక్కడ చేసిన పని. ఎదురుగా అదే రోజుల్లో మా ఇంట్లో ఏం జరిగిందో. నాన్న పడవ కొన్న నెల, నాకు ఆటలమ్మ పోసిన నెల, అన్నీ కలిశాయండి. ఒకటే దొరకట్లేదు. పెదకర్మ రోజు అత్త ఏం చేస్తోందో."

పెదకర్మ కార్తీక పౌర్ణమి నాడు జరిగిందని ఇంట్లో అందరికీ గుర్తే. సత్యవతికి తారీఖులు గుర్తు లేవు. గుర్తున్నదల్లా రెండో ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి గురువారం జరిగిందనీ, అప్పుడే చలి మొదలైందనీ, డాబా మీద గిన్నెలు తోముతుంటే నిండు చంద్రుడు ఉన్నాడనీ. ఆ పెళ్ళికూతురికి ఏడాదికి కొడుకు పుట్టాడు, వాడికి మూడో ఏడు నడుస్తుండగా ఈమె వచ్చేసింది. అంటే పెళ్ళి 2014. ప్రియాంక ఆ ఏడాది పంచాంగం తిరగేసింది. చలి మొదలయ్యే రోజుల్లో గురువారం నాడు పడ్డ పౌర్ణమి ఒక్కటే. నవంబరు ఆరు, కార్తీక పౌర్ణమి.

ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. చరిత్ర కనుక్కోవడమంటే ఇదని నాకు ఎవరూ చూపించలేదు. ఆ పిల్ల వెళ్ళాక స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను.

బందరులో ప్రదర్శన ఒక స్కూలు హాల్లో పెట్టారు. ప్రియాంక వాళ్ళమ్మ మొగుడికి చెప్పకుండా పిల్లకు జడలు వేసి పంపింది. సత్యవతి బేసిన్‌కు సెలవిచ్చి, ఉతికిన చీర కట్టుకుని మాతో బస్సెక్కింది. పులిగడ్డ వారధి దాటేటప్పుడు, "కువైట్ వెళ్ళేటప్పుడూ ఇదే దారండి. అప్పుడు ఏడ్చాను, ఇప్పుడు ఏడవను" అని ముందే చెప్పేసింది.

మా చార్టు ముందు జనం బాగానే ఆగారు. న్యాయనిర్ణేత నరసింహం గారని రిటైరైన లెక్చరరు. అంతా ఓపిగ్గా చదివి, "బాగుంది పాపా. ఈ కర్మల సంగతి మాత్రం చరిత్రలోకి ఎందుకు? అది తీసేస్తే నీట్‌గా ఉంటుంది" అన్నారు.

ప్రియాంక నా వైపు చూసింది. నేను నోరు తెరిచే లోపలే సత్యవతి అందుకుంది.

"నీట్‌గా ఉండాలంటే నన్ను తీసెయ్యాలండి. నేనే ఆ సత్యవతిని."

నరసింహం గారు చార్టు వైపు, ఆమె వైపు, మళ్ళీ చార్టు వైపు చూశారు. అప్పుడే గుమ్మం దగ్గర నాంచారయ్య కనపడ్డాడు. పల్లెలో ఎవరో చెప్పి ఉంటారు. తర్వాతి బస్సుకు వచ్చినట్టున్నాడు, చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది. ఇక్కడే పిల్లను కొడతాడేమోనని నేను అడ్డంగా నిలబడ్డాను. ఆయన నన్ను చూడనేలేదు. చార్టు ముందుకొచ్చి ఆగాడు. ఆయనకు చదువు రాదు.

"ఏం రాశావు?" అన్నాడు కూతుర్ని.

ప్రియాంక వేలు పెట్టి చదివింది. "2011 జూలై. ఇక్కడ: నాన్న పడవకి కొత్త ఇంజను వచ్చింది. అక్కడ: అత్త తెల్లవారకుండా లేచి నాలుగంతస్తుల మెట్లు కడిగింది." అలా ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చింది. చివరి గడి దగ్గర ఊపిరి తీసుకుంది. "2014 నవంబరు 6, గురువారం, కార్తీక పౌర్ణమి. ఇక్కడ: అత్త ఆకలి తీరాలని నాన్న ఏటి ఒడ్డున పిండం పెట్టాడు. అక్కడ: అత్త పెళ్ళివాళ్ళు అరవై మందికి వండి పెట్టింది."

నాంచారయ్య చాలాసేపు ఆ గడి మీదే చూపు నిలిపాడు. చదవలేని గడి మీద. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"ఆ రోజు తిన్నావా?"

"అందరూ తిన్నాక. నిలబడి" అంది సత్యవతి.

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి తువ్వాలు తీసి, నరసింహం గారితో, "నేనే తొందరపడ్డానండి. మా చెల్లి బతికే ఉంది. పిల్ల రాసింది నిజమేనండి" అన్నాడు.

నేనైతే అక్కడితో కరిగిపోయేదాన్ని. సత్యవతి కరగలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం చేపల బేరంలో ఉన్నంత గట్టిగా ఉంది.

"ఇక్కడ చెప్తే ఏం లాభం అన్నయ్యా? వీళ్ళెవరూ నన్ను చచ్చిపోయానని అనలేదు. అన్నవాళ్ళ ముందు చెప్పు."

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, మేం వెనక. మాకు బహుమతి రాలేదు. ఉప్పు మడుల మోడల్‌కు వచ్చింది. దాన్లో నిజంగా నీళ్ళు పారాయి, అది వేరే సంగతి.

ఆ వారమంతా ఏమీ జరగలేదు. ప్రియాంకను అడిగితే నాన్న ఎవరితోనూ మాట్లాడట్లేదని చెప్పింది. పెద్దలు రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్ళారట. నేను అనవసరంగా చెయ్యి పెట్టానేమోనని మొదటిసారి భయపడ్డాను. సత్యవతి మాత్రం మామూలుగానే పొలుసు గీకుతోంది. "ఆరేళ్ళు ఆగానండి. నాకేం తొందర?" అంది.

ఆదివారం పొద్దున సత్యవతితో పాటు పల్లె రేవుకు వెళ్ళాను. చేపల కోసమే వెళ్ళానంటే అబద్ధం. పడవ ఒడ్డుకు తగలగానే ఆ పడవవాడు తన సరుకు ఎవరికి ఇవ్వదలిస్తే వాళ్ళను పేరు పెట్టి కేకేస్తాడు. పిలుపు వచ్చినవాళ్ళే బుట్టతో నీళ్ళలోకి దిగాలి. పిలవకుండా దిగితే గొడవే. ఆరేళ్ళుగా సత్యవతి వేరేవాళ్ళ పడవల దగ్గరే కొనుక్కుంటోంది. అన్న పడవ వచ్చే వేళకు గట్టెక్కి వెనక్కి తిరిగి నిలబడేదట.

ఆ రోజు వెనక్కి తిరగలేదు. నాంచారయ్య పడవ ఇంజను ఆపి, మెల్లిగా జారుతూ వచ్చి బురదకు తగిలింది. రేవు నిండా జనం ఉన్నారు. ఆడవాళ్ళు, వలలు విప్పుతున్న మగవాళ్ళు, కర్మకు ముహూర్తం పెట్టిన పెద్దలిద్దరు. నాంచారయ్య పడవ అంచున నిలబడ్డాడు. ఎప్పుడూ కొనే ఆవిడ బుట్ట ఎత్తుకుంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"సత్యవతీ!" అని పిలిచాడు.

వల విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. ఒక పెద్దాయన, "ఒరేయ్ నాంచారయ్యా!" అని ఏదో అనబోయాడు. సత్యవతి బుట్ట నడుముకు ఆనించుకుని, ఉన్నచోటే నిలబడి ఉంది. నేను వెనక నుంచి మెల్లిగా, "వెళ్ళండి, పిలిచాడుగా" అన్నాను. ఆమె నా మాట పట్టించుకోలేదు.

"వినపడలేదన్నయ్యా" అంది, రేవంతా వినేలా. "ఇంకోసారి పిలువు."

నాంచారయ్య పెద్దల వైపు తిరిగాడు. వాళ్ళను చూస్తూనే, ఈసారి ఏటి అవతలి గట్టుకు వినపడేంత గట్టిగా పిలిచాడు.